"ఏ సెంటర్‌లో వేసిన్రు?" అని అడిగేవాళ్లకు

మా తమ్ముడు మత్తు అలవాటు మానుతున్న సంగతి తెలిసిన చుట్టాలు ముందుగా అడిగేది ఒక్కటే: "ఏ సెంటర్‌లో వేసిన్రు?" ఎక్కడా వేయలేదంటే నమ్మరు. ఇంట్లోనే ఉన్నాడు, సర్కారు దవాఖానలో సైకియాట్రీ ఓపీకి పోతున్నాడు, కౌన్సెలింగ్‌కు కూర్చుంటున్నాడు, మిగతా టైమంతా పని చేసుకుంటున్నాడు అని చెప్తే "గంతేనా?" అంటారు. ఆ "గంతేనా" కోసమే ఇది రాస్తున్నా. వాడు చదివి, రెండు చోట్ల కొట్టేసి, ఇక పెట్టుకో అన్నాకే పెడుతున్నా. పేరు రాయను, ఇక్కడ వాడు చిన్నోడు.

చిన్నోడిది కల్లు కాదు, బ్రాందీ కాదు, గంజాయి కాదు. ఐస్. డాక్టర్లు మెథాంఫెటమిన్ అంటారు, వాడి దోస్తులు క్రిస్టల్ అనేవాళ్లట. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం, నిద్ర ఆగుతుందని పక్క సీటోడు ఇచ్చాడు, మొదట్లో పని బ్రహ్మాండంగా చేశాడట కూడా, ఆకలి లేదు, అలసట లేదు, నోరు తెరిస్తే మాటలు గలగల. ఆ తర్వాత వరసగా రాత్రిళ్లు మేలుకోవడం, ఒంట్లో శక్తి అయిపోయాక చచ్చినట్టు పడి నిద్రపోవడం, బుగ్గలు లోపలికి పోవడం, పళ్లు కొరికి కొరికి అరగడం, చివరికి ఎదురు ఫ్లాటోళ్లు తన ఫోన్ వింటున్నారని కర్టెన్లకు పిన్నులు పెట్టుకోవడం. ఉద్యోగం పోయింది, పాలమూరులో మా ఇంటికొచ్చి పడ్డాడు. అమ్మ ఊళ్లో ఉంటుంది. ఊళ్లో పెడితే పొద్దుగూకేసరికి వాడవాడకూ తెలుస్తుందని నా దగ్గరే ఉంచుకున్నాం.

ఇదంతా హైదరాబాద్ పిల్లల గోల, మనకెందుకులే అనుకునేవాళ్లకు ఒక మాట. జిమ్‌కు పోయే పిల్లలు కొందరు పొడుచుకునే మెఫెంటెర్మిన్ ఇంజక్షన్ కూడా ఈ జాతి మందే. ఆపరేషన్ టేబుల్ మీద బీపీ పడిపోయినప్పుడు మత్తు డాక్టరు వాడే మందు అది. దాన్ని బరువులెత్తడానికి వాడుకుంటే గుండె మీద పడేది ఎంతో చెప్పక్కర్లేదు, క్రీడల్లో డోపింగ్ నిషేధ జాబితాలో కూడా ఉంది. పిల్లోడు పొద్దున్నే లేచి జిమ్‌కు పోతున్నాడు, కండలు వస్తున్నాయి, ఏ తల్లికి అనుమానం వస్తుంది చెప్పండి.

మన జిల్లాల్లో మత్తు మానడమంటే అందరి కళ్ల ముందూ ఒకటే బొమ్మ. మందు కల్లు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర మందులు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లకు అది ఒక్కసారి ఆగితే ఏమవుతుందో 2015 సెప్టెంబర్‌లో రాష్ట్రమంతా చూసింది. కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి, దుకాణాల్లో సరుకు ఆగింది, పాలమూరు, నిజామాబాద్ దవాఖానలకూ ఎర్రగడ్డకూ జనం బారులు కట్టారు, చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చి మాటలు, బట్టలు చింపుకోవడం. మా అమ్మ మనసులో ఆ బొమ్మే ఉంది. చిన్నోడు మానేశాడు అనగానే మంచానికి కట్టేయాల్సొస్తుందేమోనని పాత చీరలు కూడా మూట కట్టుకొచ్చింది.

వాడేమో పడుకున్నాడు. లేచి తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. అన్నం కుండ అడుగు కనబడేదాకా తింటున్నాడు, నిద్రలో పక్కింటి పెళ్లి బ్యాండు వినబడినా కదలడు. వణుకు లేదు, ఫిట్స్ లేవు. వారం తిరిగేసరికి ముఖంలోకి రంగొచ్చింది. "పీడ పోయింది బిడ్డా" అని అమ్మ మన్యంకొండ మొక్కు కూడా మొక్కేసుకుంది. చాలా ఇళ్లల్లో చికిత్స ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఈ రకం మత్తుకు శరీరం చేసే గొడవ తక్కువ, నిద్ర, ఆకలితోనే చాలావరకు సర్దుకుంటుంది, అందుకే అయిపోయిందని అనిపిస్తుంది. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

ఓపీలో మొదటిసారి చూపించినప్పుడు నేను అనుకున్నట్టు క్లాసేమీ పీకలేదు. ముందు బీపీ, ఈసీజీ. ఐస్ వాడినవాళ్లకు వయసుతో పని లేకుండా గుండె దెబ్బతింటుందట, ఛాతీ నొప్పి వస్తే ఓపీ దాకా ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకి రమ్మన్నారు. ఎప్పుడైనా సూదితో తీసుకున్నావా అని అడిగి హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు రాశారు. తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి వాడినొక్కడినే అడిగిన ప్రశ్నలు రెండు, వాడే తర్వాత చెప్పాడు: గొంతులేమైనా వినబడుతున్నాయా, చచ్చిపోవాలనిపిస్తోందా. ఈ రెండోది మామూలు ప్రశ్న కాదు. మత్తు దిగిపోయిన రోజుల్లో వచ్చే దిగులు ప్రాణం మీదికి తెస్తుంది, కల్లు మానినవాళ్లకు ఫిట్స్ ఎంత ప్రమాదమో వీళ్లకు అది అంత ప్రమాదం. పైకి నిద్రపోతున్నట్టే కనబడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు అందదు.

మాత్రలు రాయండి సార్ అని నేనే అడిగాను. ఆయన నవ్వి, ఈ అలవాటు మాన్పడానికని ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకు లేదమ్మా అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే నిజమే. 2021లో బయటికొచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 400 మందికి పైగా మెథాంఫెటమిన్ వాడేవాళ్ల మీద నాల్ట్రెక్సోన్ ఇంజక్షన్, బూప్రొపియాన్ మాత్రలు కలిపి పరీక్షించారు, మందు తీసుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 2.5 శాతం మందికి గుణం కనబడింది. తేడా ఉంది, కానీ మాత్ర మింగి ఇంట్లో కూర్చుంటే సరిపోయేంత లేదు. దిగులు మరీ ఎక్కువగా ఉంటే దానికి మందు వేరే ఇస్తామన్నారు. నిద్ర మాత్ర మాత్రం వద్దన్నాడు. "ఈ జిల్లాలో అల్ప్రాజోలం గురించి నేను మీకు చెప్పాల్నా?" అన్నాడు.

నిద్రలు అయిపోయాక వచ్చింది ఆ దశ. దానికి పేరేం పెట్టాలో నాకు తెలియదు, డాక్టర్లు ఏదో అంటారు. తిండి తింటాడు, రుచి లేదంటాడు. క్రికెట్ పెడితే రెండు ఓవర్లు చూసి లేచిపోతాడు. మా పాప వాడి వీపెక్కి ఆడేది, దింపేసి బాల్కనీలో నిలబడేవాడు. ఒకరోజు పొద్దున్నే వంటింట్లోకొచ్చి "అక్కా, పొద్దున లేచి ఏం చెయ్యాలె?" అన్నాడు. నాకు ముందు కోపమొచ్చింది, ఏం చెయ్యాలె అంటే ఏంది, అందరం ఏం చేస్తున్నాం అని. కౌన్సెలర్ చెప్పాక అర్థమైంది. సంతోషం అనిపించడానికి మెదడు వాడుకునే డోపమైన్‌ను ఐస్ ఒక్కసారిగా వరదలా వదిలిస్తుంది, అలా వదిలించీ వదిలించీ ఆ ఏర్పాటునే దెబ్బ తీస్తుంది, ఇప్పుడు పప్పన్నానికీ పాప నవ్వుకూ ఆ మెదడు పలకదు. స్కానింగుల్లో చూస్తే ఏడాది దాటి మానినవాళ్లలో ఆ దెబ్బ కొంత పూడుతున్నట్టు కనబడిందట. ఏడాది! ఏడాది పాటు ఏమీ బాగుండకపోయినా మానేసే ఉండాలంటే ఎవరి వల్లవుతుంది, వాడిని తిట్టడం ఆ రోజు నుంచి తగ్గించాను.

ఈ మధ్యలోనే మా పెద్దమామ ఎక్కడినుంచో ఒక సెంటర్ నంబర్ తెచ్చాడు. ఫోన్ చేశాను. అవతలాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడం, మీరేం చెయ్యాల్సిన పని లేదు, రాత్రికి బండి పంపిస్తం, నలుగురు పిల్లలొస్తరు, మీరు తలుపు గొళ్లెం తీసి పెడితే చాలు, మూడు నెలలు ఫోన్ ఉండదు, మీరు కూడా రావొద్దు." ఎవరు డాక్టరు, ఏం చికిత్స అంటే "డిసిప్లిన్ మేడం" అన్నాడు. పెట్టేశాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి మత్తు అలవాట్ల వల్ల వచ్చే జబ్బులు కూడా వస్తాయి, ఇలాంటి చోట్లు రిజిస్టర్ అయి ఉండాలి, మనిషికి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే డాక్టర్ల పరీక్ష ఉండాలి, దానికి షరతులున్నాయి. గొళ్లెం తీసిపెట్టడం వాటిల్లో లేదు.

చేర్చాల్సిన అవసరం ఎవరికీ ఉండదని చెప్పట్లేదు. చచ్చిపోతాననేవాళ్లు, మానేసినా గొంతులు వినబడుతున్నవాళ్లు, దీంతోపాటు మందు కల్లో బ్రాందీయో గట్టిగా అలవాటైనవాళ్లు, ఇంట్లోనే వాడేవాళ్లు ఉన్నవాళ్లు, వీళ్లను దవాఖానలో ఉంచాల్సిందే. మా డాక్టరు కూడా ముందు అవన్నీ చూసుకునే, ఓపీ సరిపోతుందన్నాడు. ఆయన చెప్పిన కారణం నాకు నచ్చింది: మూడు నెలలు గదిలో పెడితే గదిలో వాడకుండా ఉండటం నేర్చుకుంటాడు, బయట జీతం పడుతుంది, ఫోన్ మోగుతుంది, దోస్తు పిలుస్తాడు, అవన్నీ ఉన్నచోటే నేర్చుకోవాలి కదా.

ఓపీ చికిత్సంటే చీటీ రాసి పంపేయడం అనుకోకండి. ఈ అలవాటుకు బాగా వాడుకలో ఉన్న పద్ధతుల్లో మ్యాట్రిక్స్ అనేది ఒకటుంది, 1980ల్లో లాస్ ఏంజెలెస్‌లో కొకైన్ అలవాటు పెరిగినప్పుడు తయారైంది, 16 వారాలు. రోగి ఇంట్లోనే ఉంటాడు, వారంలో కొన్నిసార్లు వచ్చి గ్రూపులో కూర్చుంటాడు, మూత్ర పరీక్ష చేయించుకుంటాడు, ఇంట్లోవాళ్లకు కూడా క్లాసులుంటాయి. మన దగ్గర అచ్చం అలాగే దొరకదు, జిల్లా ఓపీలో రద్దీ మీకు తెలియనిది కాదు, కానీ మా కౌన్సెలర్ అందులోంచి తీసుకున్న ఒక పని చిన్నోడిని నిలబెట్టింది. రేపటి రోజును ఇవాళ రాత్రే గంట గంటకూ కాగితం మీద రాయడం. లాంగ్ నోట్‌బుక్, ఎడమ పక్క టైము, కుడి పక్క పని. 6 లేవడం, 6.30 పాల ప్యాకెట్, 7 పాపను బస్సెక్కించడం, ఇలా పడుకునేదాకా. ఖాళీ గడి ఉండొద్దు. "టైంపాస్" అని రాస్తే కౌన్సెలర్ ఎర్ర పెన్నుతో చుట్టి ప్రశ్నార్థకం పెట్టేది. చిన్నోడు మొదట బడిపిల్లోడి పనిలా ఉందని గొణిగాడు. తర్వాత ఆ పుస్తకం కనబడకపోతే ఇల్లంతా తిరగేసేవాడు.

రెండో పని, దేన్ని చూస్తే కోరిక లేస్తుందో రాయడం. జీతం రోజు రాశాడు, ఒక దోస్తు రింగ్‌టోన్ రాశాడు, ఆరాంఘర్ చౌరస్తా రాశాడు, ఇవన్నీ నేను ఊహించినవే. ఫాయిల్ పేపర్ అని రాశాడు. అర్థం కాలేదు. దాన్ని ఫాయిల్ మీద పెట్టి కింద లైటర్ వెలిగించి పొగ పీలుస్తారట. నేను రోజూ వాడి టిఫిన్ డబ్బాలో చపాతీలు ఫాయిల్‌లో చుట్టి పెడుతున్నా, వాడు మా ఆయన షాపులో మధ్యాహ్నం డబ్బా మూత తీయగానే చేతులు చెమటలు పట్టి, గుండె కొట్టుకుని, తినకుండానే మూసేస్తున్నాడు, సాయంత్రం నేను "చపాతీలెందుకు వాపసు తెచ్చినవ్" అని రోజూ అడుగుతున్నా. గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాను. బిర్యానీ పార్సిల్ వస్తే వాడు రాకముందే ప్లేట్లలోకి తీసేస్తాం. ఇంత చిన్న సంగతి ఏ డిసిప్లిన్ సెంటర్‌లో బయటపడేదో చెప్పండి.

డబ్బు సంగతి కూడా అక్కడే తేలింది. జేబులో నోట్లుండటం కంటే ఫోన్‌లో యూపీఐ ప్రమాదం. వాడే ఒప్పుకుని ఖాతా ఉన్న సిమ్ నాకిచ్చాడు, బస్సు ఖర్చులకు చిల్లర. ఒప్పుకుని అనేది ముఖ్యం, లాక్కుంటే ఇంకో ఖాతా తెరుస్తాడు.

ఇక అమ్మకు అసలు మింగుడు పడనిది బహుమానం. ఈ రకం మత్తుకు ఇంతవరకు బాగా పనిచేసినట్టు రుజువైన చికిత్స ఏదంటే కంటింజెన్సీ మేనేజ్‌మెంట్, అంటే మూత్ర పరీక్షలో మత్తుమందు లేదని తేలిన ప్రతిసారీ అక్కడికక్కడే ఏదో ఒకటి ఇవ్వడం. 1990ల మొదట్లో అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీలో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకైన్ వాడేవాళ్లతో మొదలుపెట్టాడు, వరసగా క్లీన్‌గా ఉన్నకొద్దీ కూపన్ల విలువ పెరుగుతుంది, ఒకసారి తప్పితే మళ్లీ మొదటి మెట్టు. ఇది ఖర్చని నాన్సీ పెట్రీ అనే ఆవిడ చీటీల గిన్నె పెట్టింది, జాతరలో లక్కీ డిప్ లాగానే, 500 చీటీలు, సగం వాటిల్లో శభాష్ అని మాత్రమే ఉంటుంది, మిగతా వాటిల్లో ఎక్కువ ఒక డాలర్‌వి, ఒకే ఒక్క దానిలో 100 డాలర్ల బహుమతి. నవ్వులాటలా ఉంది కదా, కానీ పనిచేసింది, 2011 నుంచి అమెరికా మాజీ సైనికుల దవాఖానల్లో వాడుతున్నారు. మా ఓపీలో ఇచ్చేందుకేం లేదు, అందుకని కౌన్సెలర్ సలహా మీద మా ఆయన పూచీ తీసుకున్నాడు. డబ్బు ఇవ్వకూడదు. పరీక్ష క్లీన్ అయితే బావ బండిలో పెట్రోల్ కొట్టించి తాళం ఇస్తాడు, వరస సాగితే ఆదివారం స్టేడియం మైదానానికి, ఇంకా సాగితే స్పైక్స్ బూట్లు. "దొంగతనం మానినందుకు దొంగకు దండేస్తరా?" అంది అమ్మ. పదేళ్ల తర్వాత గుండె బాగుంటుందిరా అని చెప్తే ఆ మెదడుకు ఎక్కదు, ఇవాళ సాయంత్రం బండి తాళం అంటే ఎక్కుతుంది, అంతకంటే నేను వివరించలేను. ఐస్ మూత్రంలో రెండు నాలుగు రోజుల వరకే దొరుకుతుంది కాబట్టి నెలకోసారి పరీక్ష దండగ, వారంలో ఒకటికి రెండుసార్లు ఉండాలి.

మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు షాపు ముందు వరస కడతాయి, రైతులు అక్కడే కూర్చుంటారు, ఎప్పుడైతది సేటూ అని. చిన్నోడిని అక్కడ కూర్చోబెట్టాం. కాలిన కాపర్ తీగ ఊడబీకడం బాగానే చేశాడు, కొత్త తీగ చుట్లు లెక్కపెట్టడం దగ్గర ఆగిపోయేవాడు. సగంలో లెక్క పోయేది. మళ్లీ విప్పి మొదట్నుంచి. ఐస్ మానిన మొదటి నెలల్లో దృష్టి నిలవకపోవడం మామూలేనట, బద్ధకం కాదు. మా ఆయన పది పది చుట్లకు సుద్దముక్కతో ఒక గీత పెట్టించాడు. గీతలతో లెక్క నిలిచింది. ఇప్పుడు సుద్దముక్క వాడట్లేదు, కానీ రైతు పక్కన కూర్చుని కబుర్లు పెడితే మాత్రం చిరాకు పడతాడు, అది వాడి నైజమో ఐస్ చేసిందో నాకు తెలియదు.

మధ్యలో ఒకసారి జారాడు. శంషాబాద్ దగ్గర దోస్తు పెళ్లి, పోనన్నాడు, పోయాడు. మర్నాడు వచ్చి కౌన్సెలర్‌కు తనే చెప్పాడు. అమ్మ "అంతా మొదటికొచ్చింది" అని తల పట్టుకుంది. ఓపీలో మాత్రం ఎవరూ చీటీ చింపలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమన్నారు: టిఫిన్ తినలేదు, ముందురోజు షాపులో మాటొచ్చింది, రాత్రి నిద్ర లేదు, నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఖాళీ. పెళ్లి కంటే ముందే అన్నీ జరిగిపోయాయి. పెట్రోల్ మళ్లీ మొదటి మెట్టుకొచ్చింది, బూట్లు వాయిదా పడ్డాయి, చికిత్స నడిచింది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు, కొన్నాళ్లు మానినవాడు పాత మోతాదే తీసుకుంటే ఒళ్లు తట్టుకోదు, ప్రాణం పోవచ్చు.

పెద్దమామ సలహా ఇంకోటుంది లెండి. "నిద్ర పట్టకుంటే సాయంత్రం రెండు సీసాల కల్లు తాగించున్రి, ఒంటికి సలువ." ఈత కల్లు చెట్టు కిందనే తాగితే సలువేమో, టౌన్ దుకాణంలో సీసాలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు. ఒక మత్తు మాన్పి ఇంకో మత్తు అంటించడమే అది. తాగే మందు ఏదైనా బుర్రను మెత్తబరుస్తుంది, మెత్తబడ్డ బుర్ర దోస్తుకు ఫోన్ కొడుతుంది. అందుకే పండగలకు కూడా మా ఇంట్లో సీసా లేదు, మా ఆయనకు ఇది కొంచెం కష్టంగానే ఉంది.

పోలీసుల భయంతో దవాఖానకు పోనివాళ్లు చాలామంది ఉన్నారు. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడుకున్నందుకు గానీ, చిన్న మొత్తం దగ్గర ఉన్నందుకు గానీ కేసైన మనిషి తనంతట తానే సర్కారు దవాఖానలోనో గుర్తింపు ఉన్న చోటో చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు, మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. పెద్ద మొత్తంతో దొరికినవాళ్లకు ఇది వర్తించదు. ఓపీ చీటీలో రాసినవి బయటపెట్టకూడదని 2017 చట్టంలోనే ఉంది. ఎటు పోవాలో తెలియకపోతే 14446, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. దిగులు, చావు ఆలోచనలుంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితం.

ఇప్పుడు కొత్త టెన్షన్ పెళ్లి. చిన్నోడి బుగ్గలు నిండాయి, షాపులో కూర్చుంటున్నాడు, ఇంకేం, మా మేనత్త నారాయణపేట నుంచి సంబంధం తెచ్చింది. "పెండ్లయితే అదే దారికొస్తడు, బాధ్యత పడితే అన్నీ మర్సిపోతడు" అంది. ఎవరి కూతురో వచ్చి వీడి నోట్‌బుక్‌లో ఖాళీ గడులు నింపాలన్నమాట. చిన్నోడే "అత్తా, ఆ పిల్లకు ఉన్నదంతా చెప్తవా?" అని అడిగాడు. "గవన్నీ ఎందుకు చెప్తర్రా" అంది అత్త. అమ్మ ఇన్నాళ్లూ నాతో వాదించిన మనిషి, ఆ రోజు మాత్రం అత్త చేతిలో ఫోటో తీసుకుని మళ్లీ కవర్లో పెట్టి ఇచ్చేసింది. "డాక్టరును అడిగి చెప్త వదినా, ఈ ఏడైతే లేదు." అత్త అలిగి టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది, ఫోన్లు ఎత్తట్లేదు. బతుకమ్మకు ఎట్లాగూ పుట్టింటికి వస్తుంది కదా, అప్పుడు చూసుకుందాం.